84 వేల యూరోల వ్యాగన్ ఆర్డర్ చేశా: టిక్ పెట్టిన ఆప్షన్ల కంటే తీసేసినవే ఎక్కువ

ఫోన్ కొనేటప్పుడు మనందరికీ తెలిసిన రూల్ ఒకటుంది. కేస్, ఛార్జర్, ఇయర్‌బడ్స్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. ర్యామ్, స్టోరేజ్ మాత్రం ఈరోజు ఏది తీసుకుంటే అదే చివరిదాకా. అందుకే డబ్బులు తక్కువైతే కలర్ దగ్గర రాజీ పడతాం, స్టోరేజ్ దగ్గర పడం.

ఇంత తెలిసిన నేను నాలుగేళ్ల క్రితం కారు ఆర్డర్ చేసేటప్పుడు ఈ రూల్ పూర్తిగా మర్చిపోయాను. ఫోన్‌లో చేయని తప్పు, దానికి వంద రెట్లు ఖరీదైన వస్తువు దగ్గర చేశాను. ఈసారి అలా జరగకూడదని రెండు నెలలు కూర్చుని ఆప్షన్ల లిస్ట్ మీద కుస్తీ పట్టాను. ఆ లెక్కంతా మీ ముందు పెడుతున్నా. మీరు కారు కొన్నా కొనకపోయినా ఈ లెక్క పనికొస్తుంది.

ముందు నా పరిస్థితి చెప్తాను. నేను ఉండేది జర్మనీలోని మ్యూనిక్‌లో. ఇక్కడ చాలా కంపెనీలు జీతంతో పాటు కారు ఇస్తాయి. కారు కంపెనీదే, కానీ ఆప్షన్లు ఎంచుకునేది మనం. పాత కారు లీజు అయిపోవస్తోంది. కొత్తగా ఆర్డర్ చేసింది బీఎండబ్ల్యూ ఐ5 టూరింగ్. అంటే 5 సిరీస్‌లో స్టేషన్ వ్యాగన్, అదీ ఎలక్ట్రిక్.

ఎస్‌యూవీ కాకుండా వ్యాగన్ ఏంటి?

హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ అందరూ అడిగింది ఇదే. మన దగ్గర స్టేషన్ వ్యాగన్ అనేది దాదాపు కనిపించని జాతి. సెడాన్ రూఫ్‌ని అలాగే వెనకదాకా లాగి, డిక్కీని క్యాబిన్‌లో కలిపేస్తే వచ్చేదే వ్యాగన్. 1990లలో టాటా ఎస్టేట్ అని ఒకటుండేది, ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. లగ్జరీలోనూ ప్రయత్నాలు జరిగాయి. 2015లో ఆడి ఆర్‌ఎస్6 అవాంత్, 2017లో వోల్వో వీ90 క్రాస్ కంట్రీ, 2018లో మెర్సిడెస్ ఈ-క్లాస్ ఆల్-టెరైన్ ఇండియాకి వచ్చాయి. ఏదీ మన రోడ్ల మీద మామూలు దృశ్యం కాలేదు.

జర్మనీలో మాత్రం ఇది ఫ్యామిలీ కారు. సెడాన్‌లా కిందికి ఉంటుంది కాబట్టి మలుపుల్లో ఊగదు. గాలికి అడ్డు తక్కువ కాబట్టి హైవే మీద ఎలక్ట్రిక్ రేంజ్ బాగా వస్తుంది. సామాను మోకాలి ఎత్తు నుంచే లోపలికి తోసేయొచ్చు. ఎస్‌యూవీలో సీటు ఎత్తుగా ఉంటుంది, పెద్దవాళ్లకి ఎక్కడం దిగడం సులువు. ఆ పాయింట్ ఒప్పుకుంటాను. మిగతా విషయాల్లో నా ఓటు వ్యాగన్‌కే.

పోయినసారి నేను చేసిన తప్పు

పాత కారు ఏ కంపెనీదో అనవసరం. తప్పు కారుది కాదు, నాది. లిస్ట్ చూడగానే ఫొటోల్లో బాగుండేవన్నీ టిక్ పెట్టుకుంటూ పోయాను. స్పోర్ట్ ప్యాకేజీ, దాంతో వచ్చే గట్టి సస్పెన్షన్, అన్నింటికంటే పెద్ద చక్రాలు, డోర్లలో రంగురంగుల లైట్లు, స్పోర్ట్ సీట్లు. బడ్జెట్ దాటేసరికి వెనక సీట్ల హీటింగ్, మెత్తటి సస్పెన్షన్ తీసేశాను. 'వెనక ఎవరు కూర్చుంటారులే' అనుకున్నా.

కూర్చున్నది మా బాపు.

బాపు రిటైర్డ్ బస్సు డ్రైవర్. ఊరు కరీంనగర్ దగ్గర. రెండేళ్ల క్రితం అమ్మా బాపూ ఇక్కడికి వచ్చినప్పుడు ఇటలీలో గార్డా సరస్సుకి తీసుకెళ్లాను. ఆల్ప్స్ మీదుగా బ్రెన్నర్ కనుమ దాటి వెళ్లాలి, దాదాపు 400 కిలోమీటర్లు. దారిలో రెండుసార్లు ఆగాం. రెండోసారి ఆయన డోర్ తెరిచి, కాళ్లు బయట పెట్టి, అలాగే కూర్చుండిపోయారు. లేవడానికి నా భుజం పట్టుకోవాల్సి వచ్చింది. నడుము నొప్పి ఉందని అప్పటిదాకా ఒక్క మాట అనలేదు.

"మంచిగనే ఉందిరా బండి" అన్నారు. మర్నాడు ఇంకో ఊరు చూద్దామంటే మాత్రం, "మీరు పోయి రండ్రి, నేను ఈడనే ఉంట" అని హోటల్‌లోనే ఉండిపోయారు. ఆయన వచ్చింది మూడు నెలలకి. ఆ తర్వాత దూరప్రయాణం అంటే ఏదో ఒక వంక చెప్పారు.

డోర్లలో 30 రంగుల లైట్లు ఉన్నాయి. రెండో వారం తర్వాత నేను ఒక్కసారి కూడా రంగు మార్చలేదు.

ఇప్పుడు నా రూల్: రెండే ప్రశ్నలు

ఈసారి ప్రతి ఆప్షన్ దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకున్నాను. ఒకటి: ఇది తర్వాత పెట్టించుకోవచ్చా? రెండు: వారానికి ఒక్కసారైనా ఎవరికైనా పనికొస్తుందా?

తర్వాత కుదరనిది, తరచూ పనికొచ్చేది అయితే ఇప్పుడే కొనాలి. తర్వాత సాఫ్ట్‌వేర్‌తో ఆన్ చేసుకోగలిగేది అయితే ఇప్పుడు వదిలేయాలి. తర్వాత కుదరదు కానీ పెద్దగా పనికిరాదు అంటే, అదే అసలైన ఉచ్చు. 'ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ రాదు' అనే భయంతోనే మన చేత ఎక్కువ ఖర్చు పెట్టిస్తారు.

చక్రాలు: బ్లైండ్ టెస్ట్

ఐ5 టూరింగ్ ఈడ్రైవ్40 అధికారిక రేంజ్ ఒక్క అంకె కాదు. 2024లో ఈ కారు వచ్చినప్పుడు డబ్ల్యూఎల్‌టీపీ లెక్కలో 483 నుంచి 560 కిలోమీటర్లు అని రాశారు. బ్యాటరీ అన్నింట్లోనూ ఒకటే, వాడుకోగలిగేది 81.2 కిలోవాట్ అవర్. మరి 77 కిలోమీటర్ల తేడా ఎక్కడిది? మనం టిక్ పెట్టే ఆప్షన్లది. అందులో చక్రాల పాత్ర పెద్దది. చక్రం పెద్దదైతే బరువు, గాలి నిరోధం పెరుగుతాయి, టైర్ పక్కగోడ సన్నబడుతుంది. గుంత తగిలితే ఆ దెబ్బని మింగాల్సింది ఆ పక్కగోడే. అది సన్నబడితే దెబ్బ నేరుగా వెన్నెముకకి వస్తుంది.

అమ్మా బాపూ ఈ వేసవిలో మళ్లీ వచ్చారు. షోరూమ్‌కి ఇద్దర్నీ తీసుకెళ్లాను. రెండు డెమో కార్లున్నాయి. ఒకదానికి 21 అంగుళాల చక్రాలు, ఇంకోదానికి 19. బాపుకి ఆ సంగతి చెప్పలేదు. రెండింట్లోనూ వెనక సీట్లో కూర్చోబెట్టి, రాళ్లు పరిచిన ఒకే వీధిలో ఒకే స్పీడ్‌లో తిప్పాను. దిగాక అడిగాను, ఏది బాగుందని.

ఆలోచించకుండా రెండోదే అన్నారు. అది 19 అంగుళాలది. తర్వాత ఒక మాట అన్నారు: "బండిని డ్రైవర్ సీట్ల కూసోని చూసుడు కాదురా. వెనక సీట్ల కూసోని చూడాలె."

ఎన్నో ఏళ్లు మంది వెనక కూర్చుంటే ముందు కూర్చుని బండి నడిపిన మనిషి చెప్పిన మాట అది. నేను చూసిన ఏ యూట్యూబ్ రివ్యూ ఆ పని చేయలేదు. అందరూ స్టీరింగ్ దగ్గర కూర్చునే మాట్లాడతారు.

21 అంగుళాలు ఫొటోలో బాగుంటాయి, కాదనను. నేను 19 తీసుకున్నాను.

సూట్‌కేస్ టెస్ట్

బూట్ స్పేస్ లీటర్లలో చెప్తారు. ఈ కారుది 570 లీటర్లు, వెనక సీట్లు మడిస్తే 1,700. లీటర్లతో మనకేం అర్థమవుతుంది? మన లెక్క వేరు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మనిషికి రెండు చొప్పున నాలుగు పెద్ద సూట్‌కేసులు, ఒక్కోటి సరిగ్గా 23 కిలోలు. పచ్చళ్లు, పొడులు, సకినాలు, ఎవరికో ఇవ్వాల్సిన చీరలు.

అవే సూట్‌కేసులు షోరూమ్‌కి పట్టుకెళ్లాను. సేల్స్ అతను వింతగా చూశాడు. మూడు మామూలుగానే పట్టాయి. నాలుగోది పైన కవర్ తీస్తేనే పట్టింది. అలా పెడితే సడన్ బ్రేక్ వేసినప్పుడు సామాను మనుషుల మీదికి రాకుండా మధ్యలో వల ఉండాలి. ఆ సంగతి లీటర్ల అంకె చెప్పలేదు, సూట్‌కేస్ చెప్పింది.

ఇంకో జాగ్రత్త. ఒకే మోడల్‌లో ఇంజిన్ మారితే డిక్కీ కూడా మారొచ్చు. మెర్సిడెస్ ఈ-క్లాస్ ఎస్టేట్ పెట్రోల్, డీజిల్ రకాల్లో 615 లీటర్లు ఉంటే, ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో 460 మాత్రమే. బ్యాటరీకి చోటు కావాలి కదా. బ్రోషర్ మొదటి పేజీలో పెద్ద అంకెనే వేస్తారు. మీరు కొనే వేరియంట్‌ది ఏదో వెతికి చూసుకోవాలి.

డబ్బుతో రానిది కూడా ఒకటి చెప్పాలి. పాత తరం 5 సిరీస్ టూరింగ్‌లో వెనక అద్దం ఒక్కటే విడిగా తెరుచుకునేది. చిన్న సంచి వేయడానికి మొత్తం డోర్ ఎత్తే పనిలేదు. ఈ తరంలో అది తీసేశారు. ఎన్ని వేల యూరోలు పెట్టినా ఆప్షన్‌గా కూడా రాదు.

నేను టిక్ పెట్టినవి

నడుముకి సపోర్ట్ ఉన్న కంఫర్ట్ సీట్లు, వెనక సీట్లకి హీటింగ్. నడుము నొప్పి ఉన్నవాళ్లకి వేడి తగిలితే ఎంత హాయిగా ఉంటుందో అమ్మని అడిగితే చెప్తుంది. సీటు తర్వాత మార్చుకునే వస్తువు కాదు.

22 కిలోవాట్ల ఏసీ ఛార్జింగ్. మామూలుగా వచ్చేది 11. ఈ బ్యాటరీ నిండడానికి 11తో 8 గంటల పైన పడితే, 22తో 4 గంటల పైన పడుతుంది. సొంత ఇల్లు, గ్యారేజీలో ఛార్జర్ ఉన్నవాళ్లకి ఇది దండగ, రాత్రంతా టైమ్ ఉంటుంది. నేనుండేది అపార్ట్‌మెంట్‌లో, వీధి ఛార్జర్ మీద ఆధారపడాలి. కొన్ని టారిఫ్‌లలో 4 గంటలు దాటి ప్లగ్ తీయకపోతే నిమిషాల లెక్కన అదనంగా కట్టాలి. ఒకే ఆప్షన్ ఒకరికి తప్పనిసరి, ఇంకొకరికి వృథా అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఫ్యాక్టరీ నుంచే వచ్చే టో హుక్. లాగడానికి ట్రైలర్ లేదు కానీ, ఇక్కడ సైకిళ్ల స్టాండ్ దానికే తగిలిస్తారు. తర్వాత బిగించాలంటే బంపర్ విప్పాలి, వైరింగ్ చేయాలి, ఖర్చు ఎక్కువ.

సస్పెన్షన్ దగ్గర అదనంగా పెట్టలేదు. ఐ5 టూరింగ్‌లో వెనక ఆక్సిల్‌కి ఎయిర్ సస్పెన్షన్ స్టాండర్డ్‌గానే వస్తుంది. డిక్కీలో ఎంత బరువు వేసినా వెనక భాగం కుంగకుండా తనంతట తానే సర్దుకుంటుంది. ఏది ఇప్పటికే ఉందో చూసుకోవడం కూడా ఆప్షన్లు ఎంచుకోవడంలో భాగమే.

తీసేసినవి

పెద్ద చక్రాలు, గ్లాస్ రూఫ్, స్పెషల్ పెయింట్, ఖరీదైన స్పీకర్లు, కార్బన్ ఫైబర్ అతుకులు, క్రిస్టల్ నాబ్‌లు, స్పోర్ట్ ప్యాకేజీ. స్పీకర్లు తీసేసేటప్పుడు చెయ్యి వణికింది, ఎందుకంటే అవి హార్డ్‌వేర్, తర్వాత రావు. కానీ రెండో ప్రశ్న దగ్గర ఆగిపోయాయి. మా కారులో ఎక్కువగా మోగేది అమ్మ పెట్టే యూట్యూబ్ భజనలు. వాటికి మామూలు స్పీకర్లు చాలు.

అద్దె ఆప్షన్ల గొడవ

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. ఇక్కడ నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు.

కథ మీకు తెలిసే ఉంటుంది. ఆపిల్ కార్‌ప్లేకి బీఎండబ్ల్యూ ఒకప్పుడు ఏటా డబ్బు తీసుకునేది, 2019 చివర్లో మానేసింది. 2022లో కొన్ని దేశాల్లో సీట్ హీటింగ్‌ని నెలసరి అద్దెకి పెట్టింది. సీట్లో తీగ ఉంటుంది, స్విచ్ మాత్రం డబ్బు కడితేనే పనిచేస్తుంది. ప్రపంచమంతా తిట్టిపోసింది. 2023లో ఆ పద్ధతి ఆపేస్తున్నామని ప్రకటించింది. మెర్సిడెస్ కూడా జర్మనీలో ఈక్యూఎస్ కారుకి వెనక చక్రాలు 4.5 డిగ్రీల బదులు 10 డిగ్రీలు తిరగాలంటే ఏడాదికి 489 యూరోలు అని పెట్టింది. అమెరికాలో ఎలక్ట్రిక్ కార్ల పికప్ పెంచడానికి ఏడాదికి 1,200 డాలర్లు అంది.

వేడి తీగ, తిరిగే ఆక్సిల్, మోటార్ లాంటివి వస్తువులు. కారు ధరలో వాటి ఖర్చు ఎలాగూ ఉంటుంది. వాటికి మళ్లీ అద్దె వసూలు చేయడం తప్పు, ఇందులో రెండో మాట లేదు.

కానీ మ్యాప్‌లు, కొత్త డ్రైవర్ అసిస్ట్ ఫీచర్లు, పార్కింగ్ సాఫ్ట్‌వేర్ అలాంటివి కావు. వాటిని ఎవరో రోజూ అప్‌డేట్ చేయాలి. వాటికి నెలసరి పద్ధతి నాకు నిజానికి లాభం. సెలవుల్లో లాంగ్ డ్రైవ్ ఉన్న నెలకి తీసుకుని, తర్వాత ఆపేస్తాను. ఆర్డర్‌లోనే మొత్తం కట్టేస్తే ఆ వెసులుబాటు ఉండదు. పైగా రోజువారీ దారి చూపడానికి చేతిలో ఫోన్ ఉండనే ఉంది.

ఒక్క షరతు. ఆ సాఫ్ట్‌వేర్‌కి కావాల్సిన కెమెరాలు, రాడార్లు ఇప్పుడే కారులో ఉండాలి. అవి లేకుండా బయటికొచ్చిన కారుకి ఏ యాప్ స్టోరూ వాటిని తగిలించలేదు. అందుకే సేల్స్ అతన్ని ప్రతి ఫీచర్‌కీ ఇలా అడిగాను: "నేను టిక్ పెట్టకపోయినా హార్డ్‌వేర్ లోపల ఉంటుందా?" రెండు మూడింటికి జవాబు అతనికే తెలియలేదు, ఫ్యాక్టరీకి మెయిల్ పెట్టాల్సి వచ్చింది. జవాబు రాతపూర్వకంగా తెప్పించుకున్నాను. మీరు కూడా అలాగే చేయండి.

పన్ను లెక్క: ప్రతి టిక్‌కీ నెలనెలా

కంపెనీ కారు ఉచితం కాదు. సొంత పనులకి కూడా వాడుకుంటే, జర్మనీలో పెట్రోల్, డీజిల్ కారుకి లిస్ట్ ప్రైస్‌లో 1 శాతం ప్రతి నెలా మన జీతంలో కలిపి పన్ను వేస్తారు. ఎలక్ట్రిక్ కారుకి 0.25 శాతమే. లిస్ట్ ప్రైస్ అంటే ఆప్షన్లు కూడా కలిపి. నా కారుది 84,000 యూరోలు, అంటే నెలకి 210 యూరోలు పన్ను లెక్కలో కలుస్తాయి. ఇంటి నుంచి ఆఫీసు దూరానికి లెక్క వేరే.

ఈ రాయితీకి ఒక గోడ ఉంది. 2025 జులై నుంచి అది లక్ష యూరోలు. అంతకుముందు 70 వేలు ఉండేది. లక్ష దాటితే దాటిన భాగానికే కాదు, మొత్తం ధరకి 0.5 శాతం పడుతుంది. 99,500 యూరోల కారుకి నెలకి 249 కలిస్తే, 1,00,500 యూరోల కారుకి 502 కలుస్తుంది. ఒక గ్లాస్ రూఫ్ టిక్‌తో మొత్తం లెక్క రెట్టింపు. ఆప్షన్లు ఒక్కొక్కటిగా చూస్తే చిన్నవే అనిపిస్తాయి, అందుకే మొత్తం ఎప్పుడూ కళ్లముందు ఉంచుకోవాలి.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఇది ఎందుకు?

మన దగ్గర ఎక్కువ కార్లు వేరియంట్లుగానే వస్తాయి, ఒక్కో ఆప్షన్ విడిగా ఎంచుకునే అవకాశం తక్కువ. అయినా ప్రశ్నలు అవే. టాప్ వేరియంట్‌కి అదనంగా కట్టే లక్షల్లో ఎయిర్‌బ్యాగులు, మంచి సీట్లు, బ్రేకులకి ఎంత పోతోంది? సన్‌రూఫ్‌కి, లైట్ల పట్టీకి ఎంత పోతోంది? పెద్ద స్క్రీన్ మూడేళ్లలో పాతబడుతుంది, మీ ఫోన్ స్క్రీన్‌లాగే. సీటు పాతబడదు. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లినప్పుడు పది నిమిషాలు స్టీరింగ్ ఇంకొకరికిచ్చి వెనక కూర్చోండి. వీలైతే ఇంట్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి, రోడ్డు బాగాలేని చోటికి తీసుకెళ్లండి.

నాకు కారు ఇంకా రాలేదు. నెలలు పడుతుంది. వచ్చేలోపు అమ్మా బాపూ ఊరికి వెళ్లిపోతారు, వీసా 90 రోజులే. ఆర్డర్ సంతకం పెట్టిన రోజు రాత్రి ఆప్షన్ల లిస్ట్ బాపుకి చదివి వినిపించాను. కారు రంగేంటని అడిగారు. తెలుపు అన్నాను, ఎందుకంటే దానికి ఎక్స్‌ట్రా లేదు. నవ్వారు.

వచ్చే ఎండాకాలం మళ్లీ గార్డా వెళ్దామా అన్నాను.

"బండి రానీ, కూసోని చూసి చెప్త" అన్నారు.

నాలుగేళ్ల క్రితమే ఈ రివ్యూయర్‌ని అడగాల్సింది.